అనుచరుని భ్రమభంగం: సైమన్ ఆర్మిటేజ్ ‘కిడ్’ కవిత – ఒక పరిశీలన

1. ప్రస్తావన

సాహిత్యంలో వీరునికి గొంతు సులభంగా లభిస్తుంది. తన కథను తానే చెప్పుకోవచ్చు. కాకుంటే కవి అతని పక్షాన చెప్తాడు. అనుచరునికి ఈ రెండూ దుర్లభమే. యుద్ధంలోనూ ప్రయాణంలోనూ అతడు ఉంటాడు. ఆపదలో అందరికంటె ముందుంటాడు. కథ ముగిసి ఫలశ్రుతి చెప్పే వేళకు మాత్రం కనిపించడు. అరుదుగా నోరు విప్పినా వీరుని ఘనతను చాటడానికే విప్పుతాడు. అటువంటి అనుచరుడు వీరునిపై విశ్వాసం కోల్పోయి, ఆ సంగతిని వీరునికే చెప్పడానికి పూనుకొంటే ఆ ఉక్తి స్వరూపం ఎలా ఉంటుంది? భ్రమ తొలగిందని ప్రకటించడం, భ్రమ తొలగడం ఒకటేనా?

ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి అనువైన చిన్న రచన సమకాలీన ఆంగ్లకవి సైమన్ ఆర్మిటేజ్ రాసిన ‘కిడ్’. బ్యాట్‌మాన్ అనే వీరునికి అనుచరుడైన రాబిన్ ఇందులో వక్త. ఈ కవితను సాధారణంగా విముక్తి ప్రకటనగా చదువుతారు. వక్త ప్రగల్భాలను కవి పరిహసిస్తున్నాడని చదివేవారూ ఉంటారు. ఈ రెండు పఠనాలకూ కవితలో ఆధారాలున్నాయి; కాని రెండూ వక్త ఏమి చెప్తున్నాడన్న దానినే చూస్తాయి. ఏ వ్యాకరణంతో చెప్తున్నాడో చూస్తే మూడో పఠనం సాధ్యమవుతుంది. తారతమ్య ప్రత్యయం మీద నిలిచిన ఈ కవితలో అనుచరుడు వీరుని విడిచిపెట్టిన చోటనే వీరుని కొలబద్దగా నిలుపుకొంటున్నాడని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2. కవి, కవిత, పూర్వకథ

ఆర్మిటేజ్ 1963లో ఇంగ్లండులోని వెస్ట్ యార్క్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. తొలి ప్రధాన సంపుటి ‘జూమ్!’ 1989లో వచ్చింది. ‘కిడ్’ 1992లో ఫేబర్ సంస్థ ప్రచురించిన సంపుటి పేరు. అందులోని ఒక కవిత పేరు కూడా. 2019 నుండి ఆయన బ్రిటన్ ఆస్థానకవి. రచననే వృత్తిగా స్వీకరించడానికి ముందు ప్రొబేషన్ అధికారిగా పనిచేశాడు. సంరక్షకుల నీడ తప్పిన యువకుల మాటతీరును దగ్గరగా విన్న అనుభవం ఆయనకుందని ఇందువల్ల చెప్పవచ్చు. అంతకుమించి కవితను కవి జీవితానికి ముడిపెట్టడం అనవసరం.

కవిత అర్థం కావడానికి పూర్వకథ కొంత తెలియాలి. బ్యాట్‌మాన్ పాత్ర 1939లో అమెరికాలో ‘డిటెక్టివ్ కామిక్స్’ అనే బొమ్మల పత్రికలో పుట్టింది. మరుసటి సంవత్సరం, 1940లో, అదే పత్రిక 38వ సంచికలో రాబిన్ ప్రవేశించాడు. సర్కస్ విన్యాసకులైన తల్లిదండ్రులు హత్యకు గురికాగా అనాథగా మిగిలిన బాలుడు డిక్ గ్రేసన్. అతనిని సంపన్నుడైన బ్రూస్ వేన్ చేరదీసి, తన రహస్య యుద్ధంలో తోడుగా చేసుకొంటాడు. ‘అద్భుత బాలుడు’ అన్న బిరుదు అతనికి ఆనాడే వచ్చింది. 1966 నుండి 1968 వరకు ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక ఈ జంటను ఇంటింటికీ చేర్చింది. ‘పవిత్ర’ అనే విశేషణంతో మొదలయ్యే వింత ఆశ్చర్యార్థకాలు, పిడికిలితో అరచేతిని గుద్దుకొనే ఆంగికం అందులోని రాబిన్ వేషధారికి గుర్తులుగా నిలిచిపోయాయి.

కవిత రాకముందే కామిక్స్‌లో రాబిన్ స్థానం కదిలింది. 1984లో డిక్ గ్రేసన్ రాబిన్ వేషాన్ని విడిచి నైట్‌వింగ్ అనే మరో వేషం ధరించాడు. అతని స్థానంలోకి వచ్చిన రెండో రాబిన్ జేసన్ టాడ్ బ్రతకాలా, చావాలా అని 1988లో ప్రచురణకర్తలు పాఠకులను ఫోను ద్వారా ఓటు వేయమన్నారు. 5343 ఓట్లు చావుకూ, 5271 ఓట్లు బ్రతుకుకూ పడ్డాయి. కేవలం 72 ఓట్ల తేడాతో ఆ పాత్ర చనిపోయింది. వీరుని మరణాన్ని ఇలా ఓటుకు పెట్టడం ఊహించలేము. అనుచరుని మరణాన్ని పెట్టవచ్చు. అనుచరుని స్థితి ఏమిటో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఆ తరువాత నాలుగేళ్లకు వెలువడిన ఈ కవితలో అనుచరునికి గొంతు వచ్చింది.

3. నాటకీయ ఏకోక్తి: మారిన స్థానాలు

ఆంగ్లంలో డ్రమాటిక్ మోనోలాగ్ అనే ప్రక్రియను తెలుగులో కొందరు నాటకీయ స్వగతమంటారు. స్వగతం తనలో తాను అనుకొనేది. ఈ ప్రక్రియలో వక్త మరొకరిని ఉద్దేశించి మాట్లాడతాడు. అందువల్ల ఏకోక్తి అన్న మాటనే ఇక్కడ వాడుతున్నాను. కవి కాని ఒక వక్త, మౌనంగా ఉన్న ఒక శ్రోత, ఒక నిర్దిష్ట సందర్భం, మాటల మధ్య వక్తకు తెలియకుండానే బయటపడే అతని శీలం దీనికి ప్రధాన లక్షణాలు. రాబర్ట్ లాంగ్‌బామ్ 1957లో ప్రకటించిన ‘ది పొయెట్రీ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అనే గ్రంథంలో, వక్తపై పాఠకునికి కలిగే సానుభూతికీ, అతనిపై చేసే తీర్పుకూ మధ్య ఉద్రిక్తతే ఈ ప్రక్రియకు ప్రాణమని ప్రతిపాదించాడు.

విక్టోరియా యుగపు ప్రసిద్ధ ఏకోక్తులలో మాట అధికారం ఉన్నవానిదే. రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన ‘మై లాస్ట్ డచెస్’లో ప్రభువు మాట్లాడతాడు, చనిపోయిన భార్య గోడ మీద చిత్రంగా మిగులుతుంది. అదే సంవత్సరం అచ్చయిన టెన్నిసన్ ‘యులిసీస్’ మన విషయానికి మరింత సన్నిహితం. వృద్ధుడైన వీరుడు మరో యాత్రకు రమ్మని తన నావికులను పిలుస్తాడు. నావికులు ఒక్క మాటా అనరు. హోమర్ కావ్యంలో ఆ అనుచరులందరూ స్వదేశం చేరకముందే మరణించినవారు. టెన్నిసన్ వీరుడు వారితో పంచుకొన్న శ్రమను ఆత్మీయంగానే స్మరిస్తాడు. ఆ శ్రమ గురించి వారికేమైనా చెప్పాలని ఉన్నదా అని మాత్రం అడగడు.

ఆర్మిటేజ్ కవిత ఈ స్థానాలను తారుమారు చేసింది. మౌనం వీరునికి, మాట అనుచరునికి. కాని ఇక్కడ ఒక సూక్ష్మభేదం ఉంది. బ్రౌనింగ్ ప్రభువు ఎదుట శ్రోత నిలబడి ఉన్నాడు. రాబిన్ ఎదుట బ్యాట్‌మాన్ ఉన్నాడా? కవిత చివర వీరుడు తన వంటగదిలో ఏకాకిగా ఉన్నట్లు వక్త వర్ణిస్తాడు. అదొక చక్కని దృశ్యమని తానే అంటాడు. ఎదుట నిలిచినవానిని ఎవరూ అలా ఊహించి చెప్పరు. కనుక ఈ శ్రోత ఇక్కడ లేడు.

మన రూపక సంప్రదాయం ఎరిగినవారికి ఇక్కడ భాణం గుర్తుకు వస్తుంది. దశరూపకాలలో ఒకటైన భాణంలో విటుడొక్కడే రంగం మీద ఉండి, ఆకాశభాషితం ద్వారా కనిపించని వ్యక్తులతో మాట్లాడతాడు. వారేమంటున్నారో తానే అడిగి, తానే విన్నట్లు నటించి, జవాబిస్తాడు. అక్కడ శ్రోత లేకపోయినా సంభాషణ ఉంది. ‘కిడ్’లో అదీ లేదు. ‘ఏమంటున్నావు?’ అని రాబిన్ ఒక్కసారి కూడా అడగడు. బ్యాట్‌మాన్ నోట ఒక జవాబును ఊహించనైనా ఊహించడు. గతంలో వీరుడు అన్న మాటలు మాత్రం అతని నోట మళ్లీ పలుకుతాయి. వీరునికి చెప్పవలసింది ఎంతో ఉంది. ఆయన నుండి వినవలసింది ఏమీ మిగలలేదు. భ్రమభంగానికి ఇది మొదటి లక్షణం. కాని వినని ఆయనకే చెప్పాలన్న కోరిక చావలేదు. ఇది రెండో లక్షణం. కవిత ఈ రెండింటి మధ్య నడుస్తుంది.

4. మాటల తిరస్కారం

తిరుగుబాటు ఎక్కడ మొదలవుతున్నదో గమనించాలి. వీరుని దుష్కార్యాల వర్ణనతో కాదు, వీరుని ఒక మాటను సవరించడంతో. ఎదగమని వీరుడు ఆజ్ఞ ఇచ్చాడట. ఆపైన తనను స్వేచ్ఛగా విహరించమని వదిలాడట. ఆ విహారాన్ని వర్ణించే అందమైన పదబంధం వీరునిదేనని వక్త ఎత్తిపొడుస్తాడు. వెంటనే ఆ మాటను కొట్టివేసి, నిజానికి తనను మురికికాలువలో పారవేసి పోయాడని సవరిస్తాడు. ఒకే సంఘటనకు రెండు క్రియలు: వీరుని క్రియ ‘వదలడం’, అనుచరుని క్రియ ‘పారవేయడం’. సంరక్షకుడు స్వాతంత్ర్యమని పేరు పెట్టిన దానిని సంరక్షితుడు పరిత్యాగమని గుర్తించాడు. ఈ గుర్తింపే కవితకు భావకేంద్రం.

ఆజ్ఞలోనే ఒక విరోధం ఇమిడి ఉంది. ‘ఎదుగు’ అన్న ఆజ్ఞను పాటించినవాడు విధేయుడు. విధేయుడై ఎదిగినవాడు నిజంగా ఎదిగినట్లా? పాటించకుంటే అవిధేయుడు, కాని బాలుడుగానే మిగిలిపోతాడు. రాబిన్ ఎదిగానని ప్రకటించిన ప్రతిసారీ ఆ ఆజ్ఞను నెరవేర్చినట్లే అవుతున్నది. అతని ధిక్కారం విధేయతకు చివరి రూపంగా మారే ప్రమాదం మొదటి పాదాలలోనే ఉంది.

ఆపై వక్త రెండు వదంతులను ఖండిస్తాడు. వీరుడు తనకు తండ్రి వంటివాడన్నది ఒకటి, పెద్దన్న వంటివాడన్నది మరొకటి. ఇక్కడ తిరస్కరింపబడినది బంధుత్వం కాదు, ఉపమానం. తండ్రి అయినవాడు తండ్రి ‘వంటి’వాడు కాదు. ఆ ‘వంటి’ అన్న ఉపమావాచకం చాటున లోకం ఎన్నో చూడకుండా వదిలేస్తుంది. చేరదీసిన పిల్లవానికి జీతం ఉండదు, గడువు ఉండదు; ఉపమానం మాత్రం ఉంటుంది. బంధువాచకాలను బయటివారికి ధారాళంగా వాడే తెలుగు సమాజంలో ఈ విషయం మరింత సులభంగా అర్థమవుతుంది. నాయకుని ‘అన్నా’ అని పిలిచినంత మాత్రాన ఆస్తిలో వాటా రాదు.

తరువాత వివాహిత అయిన ఒక స్త్రీతో వీరుడు నడిపిన వ్యవహారాన్నీ, అందుకైన ఖర్చును లెక్కల్లో చూపిన తీరునూ అనుచరుడు బయటపెడతాడు. ఇది పతనమే కాని మహాపతనం కాదు. రావణుని పతనానికి గల గాంభీర్యం దీనికి లేదు. కార్యాలయంలో ఖర్చుల చీటీలు చూసే గుమాస్తాకు తెలిసే రహస్యం వంటిదిది. ఈ చిల్లరతనం ఉద్దేశపూర్వకం. వీరుడు రాక్షసుడని తెలిస్తే అనుచరునికి కొత్త శత్రువు దొరికేవాడు, కథలో గౌరవం మిగిలేది. వీరుడు మామూలు మనిషి అని తెలియడం అంతకంటె కష్టం. అప్పుడు తన బాల్యాన్ని ఎందుకు ధారపోశానన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

ఈ ఘట్టంలోనే టెలివిజన్ రాబిన్ ఆశ్చర్యార్థకాలు రెండు మళ్లీ వినిపిస్తాయి. ఒకదానిలో రాబిన్ పక్షి, దాని గూటిలోని గుడ్డు కలుస్తాయి. గూటిలోని గుడ్డు అంటే ఆంగ్లంలో దాచుకొన్న సొమ్మనే అర్థమూ ఉంది. రెండోదానిలో ఒక మోటు శృంగారగీతపు ఛాయ ఉంది. వక్త ఇక్కడ తన పాత వాచికాన్ని వెక్కిరింపుగా వాడుతున్నాడు. అయినా అది పాత వాచికమే. వీరుని భాషను సవరించగలిగినవాడు, ఆ వీరుని పక్కన తనకు అబ్బిన భాషను ఇంకా పూర్తిగా వదిలించుకోలేదు.

5. అంత్యప్రాస, పంచమీ విభక్తి

‘కిడ్’ 24 పాదాల కవిత. ఖండవిభాగం లేదు. మొత్తం 24 పాదాలూ ఆంగ్లంలో ‘అర్’ అని రాసే, ఊనికలేని ఒకే ధ్వనితో ముగుస్తాయి. తెలుగు ఛందస్సు తెలిసినవారికి ఇది మాలికను గుర్తుకు తెస్తుంది. ఒకే ప్రాసాక్షరాన్ని పదుల పాదాల పాటు నిలిపిన ఉత్పలమాలికను అల్లసాని పెద్దన రాయల సభలో చెప్పినట్లు ప్రసిద్ధి. ప్రభువు ఎదుట తన దమ్మును చూపడం మాలికా ప్రయోజనాలలో ఒకటి. రాబిన్ కూడా ఒక విధంగా ప్రభువు ఎదుట దమ్ము చూపుతున్నాడు. అయితే అతని పాదాంతం బలమైన అక్షరం మీద నిలవదు. ప్రతి పాదమూ ఊనికలేని అక్షరం మీదికి జారి ముగుస్తుంది. బలాన్ని ప్రకటించే వాక్యం 24 సార్లూ బలహీనాక్షరంతో ముగియడం యాదృచ్ఛికం కాదు.

ఆ ధ్వని ఎటువంటి మాటలను కలుపుతున్నదో చూడాలి. తండ్రి, సోదరుడు అనే బంధువాచకాలకూ, ప్రెషర్ కుక్కర్‌కూ, శీతకాలానికీ, చివరి బిరుదులోని ‘అద్భుత’ పదానికీ ఆంగ్లంలో అదే అంతం. వీటన్నింటి నడుమ మరో ముఖ్యమైన వర్గం ఉంది. ఆంగ్లంలో తారతమ్యాన్ని తెలిపే ప్రత్యయం ఇదే. సంస్కృతంలో తరప్ వంటిది. వక్త తన ఎదుగుదలను ప్రకటించే పాదంలో పొడవు, దృఢత్వం, బలం, వయస్సు అనే నాలుగింటినీ ఈ ప్రత్యయంతోనే చెప్తాడు. తాను పొడవైనవాడనని అనడు. ‘పొడవుతరుడ’ననే అర్థం వచ్చే రూపం వాడతాడు. మొదటి పాదాలలో వీరుని మాటను సవరించేటప్పుడు వాడిన ‘నిజానికి’ అన్న అర్థం గల మాట కూడా ఆంగ్లంలో పుట్టుకచేత తారతమ్య రూపమే.

పొడవైనది దేనికంటె? ఆంగ్లంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలే అవకాశం ఉంది. మునుపటి తనకంటె అయితే అది ఎదుగుదల. వీరునికంటె అయితే అది పోటీ. రాబిన్ ఈ రెండింటినీ ఒకే మాటలో దాచుకొన్నాడు. తెలుగులోకి అనువదించబోయేవారికి ఈ దాపరికం వెంటనే బయటపడుతుంది. తెలుగులో తారతమ్యానికి దేశ్యమైన విశేషణ ప్రత్యయం లేదు. ‘ఇంకా’, ‘మరింత’ అన్న మాటలతో కొంత నెట్టుకురావచ్చు. కాని ఆ మాటలలో మునుపటి తననే మించాడన్న అర్థం స్థిరపడిపోతుంది. పోలికను స్పష్టంగా చెప్పాలంటే ‘కంటె’ కావాలి. ‘కంటె’ రావాలంటే దాని ముందు ఒక నామం ఉండాలి. ‘నీకంటె’ అనాలా, ‘మునుపటికంటె’ అనాలా అన్నది అనువాదకుడు తేల్చుకోవలసిందే.

‘వలనన్, కంటెన్, పట్టి’ పంచమి అని మనం చిన్ననాడే నేర్చుకొంటాం. ఆ విభక్తిలో విశ్లేషమూ ఉంది, తారతమ్యమూ ఉంది. చెట్టు నుండి ఆకు రాలినప్పుడు సంస్కృతంలో చెట్టుకు పంచమి. ఒకని కంటె మరొకడు అధికుడన్నప్పుడు ఆ మొదటివానికీ పంచమే. పాణిని అపాదానాన్ని నిర్వచిస్తూ, ఒకటి విడిపోతున్నప్పుడు కదలక నిలిచిన దానినే అపాదానమన్నాడు. అంటే వేరుపడడానికి ఒక స్థిరబిందువు కావాలి. పోల్చుకోవడానికీ అదే కావాలి. వ్యాకరణం ఈ రెండు సంబంధాలకూ ఒకే విభక్తిని కేటాయించడంలోని సూక్ష్మత రాబిన్ మనఃస్థితిని విశదం చేస్తున్నది. అతడు బ్యాట్‌మాన్ నుండి విడిపోయాడు, బ్యాట్‌మాన్ కంటె ఎదిగాడు. ఆ రెండు వాక్యాలలోనూ బ్యాట్‌మాన్ పంచమ్యంతమే. వీరుడు కర్తృస్థానం నుండి దిగిపోయాడు. వాక్యం నుండి మాత్రం తొలగిపోలేదు.

మన లాక్షణికులు అనుచరుని నిర్వచించిన తీరు కూడా ఇక్కడ పరిశీలింపదగినది. ధనంజయుని దశరూపకం ప్రకారం పీఠమర్దుడు పతాకకు, అంటే ఉపకథకు, నాయకుడు. ప్రధాన నాయకునికి అనుచరుడు, భక్తుడు, గుణాలలో ఆయనకంటె కొంచెం తక్కువవాడు. సుగ్రీవుడు ఇందుకు ఉదాహరణ. ఓరుగల్లు కాకతీయుల ఆస్థానంలో వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయం కూడ పీఠమర్దుని నాయక సహాయులలో పేర్కొన్నది. ‘కొంచెం తక్కువ’ అన్నది ఒక గుణం కాదు, ఒక నిష్పత్తి. పీఠమర్దుడు ఎంత గొప్పవాడో చెప్పాలంటే ముందు నాయకుడు ఎంత గొప్పవాడో తెలియాలి. రాబిన్ చేసిన తిరుగుబాటు ఈ నిష్పత్తిని తలకిందులు చేసింది: ‘కొంచెం తక్కువ’ కాస్తా ‘కొంచెం ఎక్కువ’ అయింది. కొలబద్ద మాత్రం మారలేదు.

6. వంటగదిలో వీరుడు

కవిత చివరి ఘట్టంలో వేషం మారుతుంది. ఆకుపచ్చ, ఎరుపు రంగుల పాత దుస్తులను విడిచి వక్త జీన్స్ ప్యాంటు, మామూలు ఉన్ని స్వెటర్ వేసుకొంటాడు. ఆ ఆకుపచ్చను రాబిన్‌హుడ్ తిరిగిన షెర్వుడ్ అడవితో ముడిపెట్టడం ద్వారా, తన పేరు సైతం మరో వీరగాథ నుండి అరువు తెచ్చినదేనని వక్త గుర్తుచేస్తాడు. కామిక్స్‌లోని డిక్ గ్రేసన్ ఒక ముసుగు తీసి మరో ముసుగు తొడిగాడు. ఆర్మిటేజ్ రాబిన్ మామూలు బట్టలు తొడిగాడు. కవితలో ఇంతవరకు జరిగిన వాటిలో నిజమైన విముక్తి ఏదైనా ఉంటే అది ఇదే. ఇందులో తారతమ్యం లేదు. జీన్స్ ప్యాంటు దేనికంటెనూ గొప్పది కాదు.

అయితే కవిత అక్కడ ఆగదు. వక్త దృష్టి మళ్లీ వెనుకకు, వీరుని ఇంటికి మళ్లుతుంది. తన నీడను కోల్పోయిన వీరుడు ప్రెషర్ కుక్కర్‌లో కోడి కందనకాయలూ కార్జాలూ ఉడకబెట్టుకొంటున్నాడు. సరుకుల గది దాదాపు ఖాళీ. చలికాలమంతా ఆయన పిడికిలితో అరచేతిని గుద్దుకొంటున్నాడు. హాస్యం వెనుక ఈ చిత్రం మూడు విషయాలు చెప్తున్నది.

మొదటిది, నీడ. వీరునికి నీడ లేదనడంలో ఆ నీడ తానేనన్న అంగీకారం ఉంది. నీడగా ఉండనని తిరగబడినవాడు, నీడ లేనందువల్ల వీరుడు ఎంత దీనుడయ్యాడో చెప్పడానికి తాను నీడనన్న పాత రూపకాన్నే ఆశ్రయించాడు. రెండోది, ఆంగికం. పిడికిలితో అరచేతిని గుద్దుకోవడం టెలివిజన్ రాబిన్‌కు ప్రసిద్ధమైన చేష్ట. ఇప్పుడు ఆ చేష్టను వీరునికి అంటగట్టాడు. ఉద్రేకం తప్ప చేయడానికేమీ లేని బాలుని స్థితి ఇప్పుడు వీరునిది. పాత్రలు పరస్పరం మారాయి. పాత్రల సంఖ్య, వాటి మధ్య దూరం అలాగే ఉన్నాయి. మూడోది, జ్ఞానం. వీరుని కుక్కర్‌లో ఏముందో, సరుకుల గదిలో ఏమి లేదో ఇంత వివరంగా ఊహించేవాడు ఆ ఇంటిని మరిచినవాడు కాడు. ద్వేషం ఇంత శ్రద్ధగా వంటగదిని చూడదు. వదలలేని మమకారమే అలా చూస్తుంది.

వీరుడు ఆ గదిలో కదలకుండా ఉన్నాడన్నది కూడా ముఖ్యమే. ఒకప్పుడు ఎగిరి దూకే వీరుడు ఇప్పుడు శీతకాలమంతా ఒక చోట నిలిచిపోయాడు. ముందు చెప్పిన అపాదాన లక్షణం ఇక్కడ దృశ్యంగా మారింది. అనుచరుడు కదలాలి కనుక వీరుని అక్కడ పాతిపెట్టాడు.

చివరి పాదంలో వక్త వీరుని పసిపిల్లవాడని ఈసడించి, నిజమైన అద్భుత బాలుడను ఇప్పుడు నేనేనని ప్రకటించి విరమిస్తాడు. గెలుచుకొన్న కిరీటం ఏది? 1940లో బొమ్మల పత్రిక అతనికి అంటించిన బిరుదే. ఎదిగానని చాటినవాడు చివరకు ఎన్నుకొన్న పేరులో ‘బాలుడు’ ఉన్నాడు. శీర్షిక కూడా దీనినే సూచిస్తున్నది. ‘కిడ్’ అంటే పిల్లవాడు; క్రియగా వాడితే ఆటపట్టించడం, మభ్యపెట్టడం. ఎవరు ఎవరిని మభ్యపెడుతున్నారన్నది శీర్షిక తేల్చదు. ఆ శీర్షిక వక్త మాట కూడా కాదు, కవిది. వక్తకు వినపడని చోట కవి అతనిని ఇంకా పిల్లవాడనే పిలుస్తున్నాడు. లాంగ్‌బామ్ చెప్పిన తీర్పు ఇక్కడ ఉంది. కాని అది పరిహాసంతో కూడిన తీర్పు కాదు. పిల్లవానిగా ఉన్నప్పుడే పారవేయబడినవానికి తనను కొలుచుకోవడానికి వేరే కొలబద్ద ఎవరిచ్చారు?

7. లక్ష్మణుని నవ్వు

ఈ సమస్యను మరో కోణం నుండి చూడడానికి తెలుగు స్త్రీల రామాయణపు పాటలలోని ‘లక్ష్మణదేవర నవ్వు’ ఉపకరిస్తుంది. వనవాసమంతా లక్ష్మణుడు నిద్రను దూరంగా ఉంచాడు. పట్టాభిషేకానంతరం నిండు సభలో, ఆడిన మాట ప్రకారం నిద్రాదేవి అతని దగ్గరకు వస్తుంది. ఆమెను చూసి లక్ష్మణుడు నవ్వుతాడు. ఆ నవ్వుకు కారణం సభలో ఎవరికీ తెలియదు. ప్రతి ఒక్కరూ తమ తమ లోపాన్ని తలచుకొని తమనే చూసి నవ్వాడనుకొంటారు. రామునికీ ఆ శంక తప్పదు, ఆగ్రహిస్తాడు. చివరకు లక్ష్మణుడు అసలు సంగతి చెప్తాడు.

లక్ష్మణునికి భ్రమభంగం కలగలేదు. అతడు వీరుని నిందించలేదు, పోల్చుకోలేదు. తన శరీరానికి, తన నిద్రకు సంబంధించిన ఒక విషయం గుర్తుకు వచ్చి నవ్వాడు. అయినా సభ కంపించింది. నీడకు సొంత మనస్సు ఉందన్న సంగతి సభకు తెలిసిన క్షణమది. వీరుని నేరుగా నిందించిన రాబిన్ మాటలలో వీరుడు కేంద్రస్థానంలోనే మిగిలాడు. ఏమీ అనని లక్ష్మణుని నవ్వులో ఆ కొద్దిసేపు కేంద్రం మారింది. వీరుడే అనుచరుని ముఖంలోకి చూసి అర్థం వెతుక్కోవలసి వచ్చింది. ఆ పాట ఒక వ్యవస్థలో భక్తిని కాపాడుతూనే ఇంత సాధించింది. ఆధునిక కవిత భక్తిని పగలగొట్టి కూడా అది సాధించలేకపోయింది. ఇది కవిత లోపం కాదు. పగలగొట్టడానికి ఉన్న పరిమితిని అది నిజాయితీగా చూపింది.

8. ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ‘కిడ్’ నాటకీయ ఏకోక్తిలో వీరుని, అనుచరుని స్థానాలను తారుమారు చేసింది. కాని శ్రోతను పరోక్షంలో నిలపడం ద్వారా అనుచరుని ఒంటరితనాన్ని ప్రకటించింది. రెండు, ఇందులో తిరుగుబాటు మొదట మాటల మీద జరిగింది. పరిత్యాగాన్ని స్వేచ్ఛ అనీ, సేవను బంధుత్వమనీ పిలిచే భాషను వక్త గెలిచాడు. మూడు, ఆ గెలుపు తారతమ్య వ్యాకరణంలో చిక్కుకొన్నది; 24 పాదాల ఏకప్రాస ఆ చిక్కును వినిపిస్తున్నది.

దీనివల్ల అనుచరుల, శిష్యుల, ఆశ్రితుల భ్రమభంగాన్ని వర్ణించే రచనలను పరిశీలించడానికి ఒక ప్రమాణం లభిస్తుంది. నింద ఎంత తీవ్రంగా ఉన్నదన్నది ఆ ప్రమాణం కాదు. వాక్యంలో పాత ప్రభువు ఏ విభక్తిలో ఉన్నాడన్నది ప్రమాణం. ద్వితీయలో ఉంటే ఇంకా యుద్ధం సాగుతున్నది. పంచమిలో ఉంటే విడిపోవడం జరిగింది, కొలబద్ద మిగిలింది. ప్రభువు లేని వాక్యం ఈ కవితలో ఒక్కచోట, బట్టలు మార్చుకొన్నచోట మాత్రమే, దాదాపు సాధ్యమైంది.

అందుకే ఈ కవితను తెలుగు చేసేవారికి ఆ తారతమ్య పాదం దగ్గర కలం ఆగుతుంది. ‘నీకంటె’ అని రాస్తే రాబిన్ గెలిచినట్లూ, ఇంకా బందీగా ఉన్నట్లూ తేలిపోతుంది. ‘మునుపటికంటె’ అని రాస్తే విముక్తుడైనట్లు తేలిపోతుంది. ఆంగ్ల మూలంలో కవి తేల్చకుండా వదిలిన ఆ పిల్లవాని భవిష్యత్తును మన భాషలో ఒక్క విభక్తి తేల్చివేస్తుంది. ఆ విభక్తిని ఎన్నుకోవడం అనువాద సమస్యగా కనిపించే విమర్శ సమస్య.